ఒంటి చెవి వినికిడి – నీటి లోతు నేర్పు పాఠము

చెవులు రెండు గలవు గనుక ఒకటి పోయినను సగము వినికిడి మిగులునని సామాన్యముగా అనుకొందురు. ఈ లెక్క సరి కాదు. ఒక చెవి పోయినవాడు నిశ్శబ్దమైన గదిలో ఎదుటివాని మాట చక్కగానే వినును. అతడు కోల్పోవునవి రెండు శక్తులు: శబ్దము ఏ దిక్కునుండి వచ్చినదో తెలిసికొను శక్తి, రొదలోనుండి మాటను వేరుచేసికొను శక్తి. ఈ రెండును వీధిలోను బడిలోను ఎంత యవసరమో తలిదండ్రులు గ్రహింపవలెనని ఈ సంవత్సరపు సంచికలో ఈ పాఠమును ఉంచుచున్నాము.

ఇందులకు సముద్రములో మునిగి విహరించు స్కూబా విద్యను ఉదాహరణముగా గైకొంటిమి. కారణములు రెండు. చెవి పనితీరును, దాని బలహీనతను నీటి లోతు చూపినంత స్పష్టముగా మరియొకటి చూపదు. అదియునుగాక, ఒడిశా తీరమున నివసించు మనకు సముద్రము కొత్త గాదు. పూరీలోని పెంటకోటలో తెలుగు జాలరి కుటుంబములు తరతరములుగా కడలినే నమ్ముకొని యున్నవి. మన పిల్లలు పెద్దవారై విశాఖపట్టణపు ఋషికొండకో, మురుడేశ్వరమున కెదురుగా నున్న నేత్రాణి ద్వీపమునకో, అండమానులకో పోయి స్కూబా నేర్చుట ఇప్పుడు అరుదు కాదు.

చెవి నిర్మాణము

చెవి మూడు భాగములు. వెలుపలి చెవి శబ్దమును చేర్చి కర్ణభేరి యను పలుచని పొరవద్దకు పంపును. ఆ పొరకు లోపల గాలితో నిండిన చిన్న గది మధ్య చెవి. అందు సుత్తి, దాగలి, రికాబు ఆకారముగల మూడు చిన్న యెముకలు కర్ణభేరి కదలికను లోపలి చెవికి అందించును. లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొన్న భాగము వినికిడికి, అర్ధచంద్రాకారముగల మూడు గొట్టములు శరీరపు తూకమునకు ఆధారములు. ఈ రెంటి వార్తలను ఎనిమిదవ కపాలనాడి మెదడునకు చేర్చును. వినికిడియు తూకమును ఒకే ఇంటిలో, ఒకే త్రోవన ఉన్నవని జ్ఞాపకముంచుకొనవలెను. అందుచేతనే చెవిజబ్బులో చాలసార్లు తల తిరుగుట కూడ ఉండును.

మధ్య చెవి గదికి వెనుక తలుపొకటి కలదు. గదినుండి గొంతు పైభాగమునకు పోవు సన్నని గొట్టమది. దీనిని వర్ణించిన ఇటలీ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు యూస్టేకి పేర దీనిని యూస్టేకియన్ నాళ మందురు. సామాన్యముగా ఇది మూసికొని యుండి, గుటక వేసినపుడు, ఆవులించినపుడు తెరచుకొనును. ఘాటురోడ్డు ఎక్కునపుడు చెవులు దిబ్బడవేసి, గుటక మ్రింగగనే విడిపోవుట మనమందరము ఎరిగినదే. గదిలోని గాలి వెలుపలి గాలితో సమమగుటయే ఆ ‘టప్’ మను చప్పుడు.

దిక్కు తెలియు విధము

కుడివైపునుండి వచ్చిన శబ్దము కుడి చెవిని ముందుగాను, ఎడమ చెవిని వెనుకగాను చేరును. ఈ తేడా మిక్కిలి ఎక్కువైనపుడు సైతము సెకనులో వెయ్యవవంతునకు లోబడియే యుండును. తల అడ్డువచ్చుటచేత ఎడమ చెవికి ఆ శబ్దము కొంత మందముగ కూడ వినిపించును. ఈ రెండు తేడాలనుబట్టి మెదడు దిక్కును లెక్కకట్టును. ఒక చెవి లేనివానికి పోల్చి చూచుకొనుటకు రెండవది లేదు. కావున వెనుకనుండి మోటారుబండి మ్రోత విన్నను అది ఏ ప్రక్కనుండి వచ్చుచున్నదో అతడు కన్నులతో వెదకికొనవలసినదే.

నీటిలో చిత్రమైన మార్పు కలుగును. గాలిలో శబ్దము సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. నీటిలో సుమారు 1,500 మీటర్లు. నాలుగు రెట్లకు మించిన ఈ వేగమువలన రెండు చెవులకు మధ్యనుండు కాలపు తేడా మెదడు పట్టజాలనంత తగ్గిపోవును. అంతియేగాక శబ్దము తల యెముకలద్వారా కూడ లోపలి చెవిని చేరును. అందుచేత పడవ యంత్రము మ్రోత నీటిలో ఉన్నవానికి అన్ని దిక్కులనుండియు వచ్చినట్లు తోచును. దిక్కు తెలిసికొనుటలో నీటిలోపల రెండు చెవులవాడును ఒంటి చెవివానితో సమానుడే. మాటలాడుట ఎవరికిని వీలుకాదు గనుక అక్కడ సంభాషణమంతయు చేతిసైగలతోనే జరుగును. బొటనవ్రేలు పైకెత్తినచో ‘పైకి పోవుదము’ అని, బొటనవ్రేలును చూపుడువ్రేలును సున్నగా చుట్టినచో ‘క్షేమము’ అని అర్థము. అట్లయిన ఒక చెవి పోయినవానికి స్కూబా సులభము కావలెను గదా యని ప్రశ్న పుట్టును. కష్టము వినుటలో లేదు. మిగిలిన చెవిని కాపాడుకొనుటలో ఉన్నది.

నీటి పీడనము

మన మీద గాలి నిత్యము ఒక వాతావరణపు పీడనమును మోపుచున్నది. సముద్రములో ప్రతి 10 మీటర్ల లోతునకు మరియొక వాతావరణపు పీడనము చేరును. పీడనము రెట్టింపైన వాయువు ఘనపరిమాణము సగమగునని 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన నియమమును మన పిల్లలు ఉన్నత తరగతులలో చదువుదురు. 10 మీటర్ల లోతున గాలి సగమై, 20 మీటర్ల లోతున మూడవవంతై, 30 మీటర్ల లోతున నాలుగవవంతగును. మొదటి 10 మీటర్లలోనే అన్నిటికంటె పెద్ద మార్పు కలుగుచున్నదని దీనివలన తేలుచున్నది. కాబట్టి లోతు తక్కువైనచో చెవికి భయము లేదనుట పొరపాటు.

1943లో ఫ్రాన్సు దేశమున జాక్ ఈవ్ కూస్తో, ఎమిల్ గాన్యాఁ అనువారు నీటి పీడనమునకు తగినట్లు గాలి నందించు పరికరమును సిద్ధపరచిరి. నేటి స్కూబా దానినుండి పెరిగినదే. వీపున కట్టుకొను సిలిండరులో ఉండునది సామాన్యముగా ఒత్తి నింపిన మామూలు గాలి. అందరు అనుకొనునట్లు వట్టి ప్రాణవాయువు కాదు. ఈ పరికరము ఊపిరితిత్తులకు గాలిని సమకూర్చును గాని మధ్య చెవి గదికి సమకూర్చదు. ఆ పని మునుగువాడే చేసికొనవలెను. ముక్కు మూసికొని మెల్లగా గాలి నూదుట ఒక పద్ధతి. దీనికి 1666–1723 సంవత్సరముల మధ్య జీవించిన వైద్యుడు వల్సాల్వా పేరు నిలిచినది. ఇట్లు చేయక దిగినచో కర్ణభేరి లోపలికి లాగబడి నొప్పి పుట్టును. కొలది మీటర్లలోనే చినుగవచ్చును. మూసికొనిపోయిన గొట్టమును తెరచుటకు బలవంతముగ ఊదినచో మరింత ప్రమాదము: ఆ ఒత్తిడి లోపలి చెవి కిటికీపొరను చించి శాశ్వతమైన చెవుడును, తలతిప్పును కలిగింపవచ్చును.

రెండు చెవులు గలవానికి ఇట్టి ప్రమాదమువలన ఒక చెవి పోవును. ఒక్క చెవియే గలవానికి వినికిడి యంతయు పోవును. ఈ కారణముచేతనే లోపలి చెవి శస్త్రచికిత్స జరిగినవారిని నీట మునుగుమనుటకు వైద్యులు మిక్కిలి వెనుకాడుదురు. అమెరికా దేశపు ప్రసిద్ధ హాస్యప్రసంగి స్టీఫెన్ కోల్బేర్ కథ ఇందులకు దృష్టాంతము. 1964లో జన్మించిన ఆయనకు బాల్యములో చెవికి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట కుడి చెవి వినికిడి పోయెను. సముద్ర జీవశాస్త్రము అభ్యసింపవలెనని ఆయన కోరిక. నీట మునుగుట ఆ చెవికి తగనిదగుటచే ఆ కోరిక విడువవలసివచ్చెను. ఐనను మాటయే జీవనాధారమైన వృత్తిలో ఆయన అగ్రస్థానమును పొందెను. ఒక ద్వారము మూసికొన్నది గాని చెవి లోపము ఆయనను మాటకు దూరము చేయలేదు.

శస్త్రచికిత్స పిమ్మట

పెద్దవారిలో ఒక చెవి పోవుటకు గల కారణములలో ఎనిమిదవ నాడిపై పెరుగు కణితి యొకటి. ఇది పుట్టకురుపువంటిది కాదు. ఇతర అవయవములకు ప్రాకదు. మెల్లగా పెరుగుచు, ఒక చెవిలో హోరుతోను, తగ్గుచున్న వినికిడితోను బయటపడును. చిన్నదైనచో కనిపెట్టి యుండుట, కిరణచికిత్స, శస్త్రచికిత్స అని మూడు మార్గములు కలవు. లోపలి చెవి గుండా పోయి కణితిని తీయు పద్ధతిని 1960 ప్రాంతములలో లాస్ ఏంజెలెస్ నగరమున విలియం హౌస్ సూక్ష్మదర్శినీ సహాయముతో వృద్ధి చేసెను. ఈ మార్గమున ఆ వైపు వినికిడి పూర్తిగా పోవును; ముఖమును కదలించు ఏడవ నాడిని కాపాడుట సులభమగును. ప్రాణమును, ముఖమును నిలుపుకొని చెవిని వదలుకొనుట యన్నమాట.

మేల్కొన్న రోగికి మొదట తెలియునది చెవుడు కాదు, తలతిప్పు. రెండు వైపుల తూకపు వార్తలలో ఒకటి హఠాత్తుగా ఆగిపోవుటచే మెదడు తికమక పడును. దినములు, వారములు గడచిన కొలది మిగిలిన చెవి, కన్నులు, కాళ్ల కండరములు ఇచ్చు వార్తలతో మెదడు కొత్త లెక్క నేర్చుకొనును. ఈ నేర్పు కదలికవలననే వచ్చును. 1940 ప్రాంతములలో ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అను వైద్యులు ఇట్టివారికొరకు తల త్రిప్పుట, చూపు నిలుపుట, నడచుట మొదలగు వ్యాయామములను ఏర్పరచిరి. తల తిరుగునని భయపడి మంచముననే యుండువానికి తూకము ఆలస్యముగా వచ్చును. ఇంటివారు జాలిచే కదలనీయకుండుట రోగికి మేలు గాదు.

వినికిడికి కూడ సాధనములు కలవు. పోయిన వైపున శబ్దమును గ్రహించి మంచి చెవికి పంపు యంత్రమొకటి. యెముకద్వారా పంపునది మరియొకటి. ఇవి ఆ ప్రక్కనుండి పిలిచినవారి మాటను వినిపించును గాని దిక్కును తెలుపవు. నాడి నిలిచియున్నవారిలో కొందరికి లోపలి చెవిలో అమర్చు సాధనము ఉపయోగపడును. నాడి తెగినవారికి అది పనికిరాదు.

మరల నీటిలోనికి

ఇట్టి శస్త్రచికిత్స జరిగినవాడు స్కూబాకు తిరిగి పోగలడా? ‘పోవచ్చును’ అని గాని ‘కూడదు’ అని గాని అందరికి ఒకే మాట చెప్పరాదు. నిర్ణయము శస్త్రచికిత్స చేసిన వైద్యుడును, నీట మునుగువారి వైద్యము తెలిసినవాడును కలిసి చేయవలసినది. వారు నాలుగు సంగతులను పరీక్షింతురు. కపాలమున చేసిన రంధ్రము పూర్తిగా మానినదా, మెదడు చుట్టునుండు ద్రవము కారుట లేదు గదా? మంచి చెవి గొట్టము సులభముగా తెరచుకొనుచున్నదా? ముఖము బలహీనపడి పెదవులు గాలిగొట్టమును గట్టిగా పట్టలేకున్నవా? కన్నులు మూసికొని నిలిచినపుడు తూకము నిలుచుచున్నదా?

నాల్గవ ప్రశ్నకు నీటిలో ప్రత్యేకమైన ప్రాముఖ్యము కలదు. నేలపై మన తూకమునకు కన్నులు, కాళ్లు, లోపలి చెవి యని మూడు ఆధారములు. నీటిలో బరువు తోచదు గనుక కాళ్ల సాక్ష్యము పోవును. బురదనీటిలోను, చీకటిలోను కన్నుల సాక్ష్యమును పోవును. మిగిలినది చెవి, అందును ఒకటే. అప్పుడు పైయేదో క్రిందేదో తెలియక కలవరపడు ప్రమాదమున్నది. తాను విడిచిన గాలిబుడగలు ఎల్లప్పుడును పైకే పోవునని జ్ఞాపకముంచుకొని వానిని చూచుట అట్టి సమయమున రక్ష. చల్లని నీరు ఒక చెవిలోనికి మాత్రమే చొచ్చినను తల తిరుగును. చెవిలోని వేడి, చల్లదనములవలన తూకము చలించుటకు కారణమును వివరించిన రాబర్ట్ బారనీ అను వైద్యునికి 1914 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

అనుమతి లభించినవాడు కొలనులో మొదలిడి, పిదప స్వచ్ఛమైన పగటి నీటిలో కొద్ది లోతునకు మాత్రమే, త్రాడు పట్టుకొని కాళ్లు క్రిందుగా మెల్లగా దిగవలెను. నొప్పి పుట్టకముందే, ప్రతి అడుగునకు, చెవిని సమముచేసికొనుచుండవలెను. విడిపడనిచో పైకి రావలెనేగాని పట్టుదల కూడదు. జలుబు చేసిన దినమున నీటికి నమస్కరించి ఒడ్డున కూర్చుండుట మేలు. తోడివానికి తన లోపమును ముందే చెప్పి, పడవమీద మాటలాడునపుడు అతనిని మంచి చెవి ప్రక్కన నిలుపుకొనవలెను. నీటిపైకి తేలునపుడు చేయి పైకెత్తి, చుట్టును తిరిగి చూచి రావలెను. పడవ ఏ ప్రక్కనున్నదో చెవి చెప్పదు. మునిగి వచ్చిన పిమ్మట చెవిలో హోరు, మందము, తలతిప్పు కలిగినచో ఆ దినముననే వైద్యుని చూడవలెను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొనియు, ఉన్న ఒక్క చెవిని పణముగా పెట్టుట తగునా యని అతడు తన్ను తాను ప్రశ్నించుకొనవలసియే యున్నది. తెలిసి మానుకొన్నవాడు పిరికివాడు కాడు. తెలిసి, జాగ్రత్తతో దిగినవాడు మూర్ఖుడును కాడు.

బడిలో ఒంటి చెవి

ఇంతవరకు చెప్పినది పెద్దవారి మాట. మన పిల్లలలో గవదబిళ్ళలు, మెదడుపొర వాపు, తల దెబ్బలు, ఏండ్లతరబడి కారు చెవి, పుట్టుకతో వచ్చిన లోపము – ఇవి ఒక చెవి పోవుటకు కారణములు. పెద్దవాడు తన చెవి పోయినదని చెప్పగలడు. చిన్ననాడే పోయిన పిల్లవాడు చెప్పలేడు. అందరును తనవలెనే విందురని అతని నమ్మకము.

1984లో అమెరికా దేశమున ఫ్రెడ్ బెస్, ఆన్ మేరీ థార్ప్ అనువారు ఒక చెవి మాత్రమే వినబడు పిల్లలను పరిశీలించి, వారిలో సుమారు మూడవవంతుమంది ఏదో ఒక తరగతి తప్పినవారని చూపిరి. అంతకు పూర్వము ఒక చెవి చాలును, పిల్లవాని చదువునకు నష్టము లేదని పలువురు తలచుచుండిరి.

మనవంటి పాఠశాలలో ఈ లోపము మరింత దాగియుండును. బాగుగ వచ్చిన భాషలో ఒక అక్షరము వినబడకున్నను మనస్సు దానిని పూరించుకొనును. అంతగా రాని భాషలో పూరించుకొనలేదు. మన పిల్లవాడు ఇంట తెలుగును, వీధిలో ఒడియాను, బడిలో ఈ రెంటితోపాటు ఆంగ్లమును వినుచున్నాడు. అట్టివాడు రొదగానున్న తరగతిలో శ్రుతలేఖనమున తప్పులు వ్రాసినచో, మూడు భాషల బరువు మోయలేకున్నాడని, తెలుగు మాధ్యమమే దీనికి కారణమని తలిదండ్రులు తలంచి బడి మార్పింప జూతురు. భాష బరువైనదా, చెవి మందమైనదా యని ముందు తేల్చుకొనవలెనని మా మనవి. భాష మార్చినంత మాత్రమున చెవి మారదు. పైగా కొత్త బడిలో, రాని భాషలో, ఒంటి చెవివాని కష్టము రెట్టింపగును.

2016 సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టములో బధిరతకు ఇచ్చిన నిర్వచనము రెండు చెవులనుబట్టి యున్నది. ఒక చెవి మాత్రమే పోయిన పిల్లవాడు దానిలోనికి రాడు. కాబట్టి అతనికి కావలసిన సదుపాయము ఉపాధ్యాయుడును, తలిదండ్రులును తెలిసి చేయవలసినదే. అది ఖర్చుతో కూడినది కాదు. ఎడమ చెవి పోయినచో పిల్లవానిని ముందు వరుసలలో ఎడమ గోడప్రక్క కూర్చుండబెట్టవలెను. అప్పుడు మంచి చెవి తరగతివైపు నుండును. కుడి చెవి పోయినచో కుడి గోడప్రక్క. పేరు పిలిచి, అతడు చూచిన పిమ్మటనే ప్రశ్న వేయవలెను. తోటి విద్యార్థి చెప్పిన జవాబును ఉపాధ్యాయుడు మరల చెప్పవలెను. నల్లబల్లవైపు తిరిగి మాటలాడరాదు.

తలిదండ్రులకు సూచనలు

పిల్లవాడు టెలిఫోనును ఎల్లప్పుడు ఒకే చెవికి పెట్టుకొనుచున్నాడా? పిలిచినపుడు ఎదురు దిక్కునకు తిరుగుచున్నాడా? ఒక ప్రక్కకు ఒత్తిగిలి నిద్రించునపుడు పిలుపునకు లేచి, మరియొక ప్రక్కకు ఒత్తిగిలినపుడు లేవకున్నాడా? మంచి చెవి దిండున అదిమికొనిపోయినచో వానికి ఏమియు వినబడదు. ఇట్టి గురుతులు కనబడినచో చెవి, ముక్కు, గొంతు వైద్యునివద్ద రెండు చెవులకు వేరువేరుగా వినికిడి పరీక్ష చేయింపవలెను. రెండు చెవులతో కలిపి చేయు పరీక్షలో ఈ లోపము బయటపడదు. ఇట్టి పరీక్షలకు, శిక్షణకు 1965లో మైసూరున స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దేశమందు పేరుగాంచినది.

కారుచున్న చెవిలో కాచిన నూనెగాని, ఆకుపసరుగాని పోయకుడు. కర్ణభేరికి రంధ్రమున్న పిల్లవానిని చెరువులోను, బావిలోను దూకనీయకుడు. గవదబిళ్ళలకు టీకా కలదు. వైద్యుని అడిగి వేయింపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, చెవిపై చేయి చేసికొనకుడు. అరచేతి దెబ్బ చెవి రంధ్రములోని గాలిని ఒక్కసారిగ ఒత్తి కర్ణభేరిని చించగలదు. మునుగువానికి నీరు చేయు కీడును ఇంట అరచేయి చేయును. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను నిషేధించినది. ఇంటిలో ఆ చట్టమును తలిదండ్రులే అమలు జరుపవలెను.

పిలిచినను పలుకని పిల్లవానిని పొగరుబోతని, పరధ్యాసగలవాడని అనుటకు ముందు, ఆ పిలుపు ఏ ప్రక్కనుండి పోయినదో ఒకసారి చూచుకొనుడు. సందేహము కలిగినచో మాకు తెలుపుడు. కూర్చుండు చోటు మార్చుటకు అర్జీ యక్కరలేదు, మరునాడే మార్తుము.